నాలిక పీకితే నన్నడుగు

జమ్మలమడుగు దగ్గర బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ గేటు పక్కన నాది టీ బంకు. పొద్దున్నే ఆ గేటులోకి పోయే ఆడవాళ్ల నడుముల్లో తిత్తులుంటాయి. తిత్తి అంటే చిన్న గుడ్డసంచి. అందులో ఆకు, వక్క, పొగాకు. దుమ్ముకు నోరెండదని ఒకరు, ఆకలి తెలియదని ఒకరు పొగాకు బుగ్గన పెట్టుకుంటారు. కడుపుతో ఉన్నవాళ్లయితే వేవిళ్లు ఆగుతాయని ఇంకాస్త ఎక్కువే పెట్టుకుంటారు. చూసి ఊరుకునే రకం కాదు నేను. "బుద్ధుందా మే నీకు?" అని గేటు దగ్గరే దులిపేస్తాను. నవ్వి, నా టీ తాగి, లోపలికి పోయి మళ్లీ పెట్టుకుంటారు.

షరీఫా అలా కాదు. ఆమెది ప్రొద్దుటూరు. రోజూ బస్సులో వచ్చి ఇక్కడ బండలు కడుగుతుంది. పెళ్లికి ముందునుంచే పొగాకు అలవాటు. తొలి కాన్పులో బిడ్డ నెలలు నిండకుండా పుట్టి, పాలు తాగే బలం కూడా లేక చనిపోయింది. పొగాకు వల్లేనా అని అడిగితే ఆసుపత్రిలో "అదీ ఒక కారణం కావచ్చు" అన్నారట. ఆ 'కావచ్చు' చాలింది ఆమెకు. రెండోసారి నెల తప్పగానే మానేసింది. ఏడ్చుకుంటూ, మొగుణ్ణి తిట్టుకుంటూ, ఒంటరిగా మానేసింది. ఆ ఒంటరితనం ఇంకొకతెకు రాకూడదని పట్టుబట్టింది.

ఫ్యాక్టరీలో ఎవరికి నెల తప్పినా షరీఫా వెళ్లి తిత్తి మార్చుకుంటుంది. వాళ్ల పొగాకు తిత్తి తన నడుముకు, తన తిత్తి వాళ్లకు. తన దాంట్లో సోంపు, వేయించిన వాము, బెల్లం ముక్క ఉంటాయి.

"నాలిక పీకితే నన్నడుగు. ఇయ్యనని ఎప్పుడూ అనను. ముందు నీళ్లు తాగు, ఈడ కూర్చో, నాతో మాట్లాడు. ఆనక ఇస్తా," అంటుంది వాళ్లతో.

మాటలయ్యాక కూడా అడిగితే నిజంగానే ఇచ్చేసేది! నాకు ఒళ్లు మండిపోయేది.

"ఎందుకిస్తావే తల్లీ?"

"ఇయ్యకపోతే అంగట్లో కొనుక్కుంటాది రాధక్కా. నాకు చెప్పదు. ఇస్తే రేపు మళ్లా నా కాడికే వస్తాది."

ఆర్షియా అలాగే వచ్చింది. పాలిష్ మిషన్ దగ్గర పనిచేసే పిల్ల. కడుపులో బిడ్డ సరిగ్గా ఎదగడం లేదని నర్సమ్మ చెప్పిన రోజు నా బంకు దగ్గరే కూలబడి ఏడ్చింది. తిత్తి మార్చుకుంది. మొదట్లో గంటకోసారి షరీఫా కొంగు పట్టుకుని తిరిగేది, తర్వాత పూటకోసారి, చివరికి అడగడమే మర్చిపోయింది. కాన్పుకు తొండూరులోని పుట్టింటికి పోయింది. పులివెందుల ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. బిడ్డ చిన్నదే, కానీ గట్టిగా ఏడ్చింది. నేనూ షరీఫా ఫ్యాక్టరీ అంతా చక్కెర పంచాం.

కొన్నాళ్లకు ఆర్షియా నుంచి షరీఫాకు ఫోను. షరీఫాను ఆపా, అంటే అక్కా, అని పిలుస్తుంది. "ఆపా, మళ్లా ఏసుకుంటాండా," అని వెక్కిళ్లు. "పాప పాలు సరిగ్గా తాగడంల్యా. నా వల్లేనేమో."

షరీఫా చేతిలో పని వదిలేసి బయల్దేరింది. నేను బంకు మూసి వెంట వెళ్లాను. తొండూరు చేరాక సంగతి తెలిసింది.

బాలింతకు అన్నం తిన్నాక తాంబూలం వేయకపోతే అరగదని మా దిక్కున అందరి నమ్మకం. ఆర్షియా తల్లి సైదున్నీసా రెండు పూటలా ముద్దుగా చుట్టి, కూతురి నోట్లో పెడుతోంది. తాను వేసుకున్నట్టే అందులో చిటికెడు పొగాకు కూడా. కూతురు వద్దంటే బాలింత గారాబం అనుకుంది. అడగకుండానే కన్నతల్లి నోట్లో పెడుతుంటే ఎంతకాలం వద్దంటుంది ఎవరైనా?

"ఎంత పని చేసినావమ్మా!" అని నేను నోరు చేసుకోబోతే షరీఫా నా చెయ్యి నొక్కింది.

"దీన్ని కన్నప్పుడూ నేనేసుకున్యా," అంది సైదున్నీసా మొండిగా. "దీనికేమైంది?"

"దీనికేం కాలేదమ్మా. నా బిడ్డకైంది," అంది షరీఫా. ఎప్పుడూ ఎవరికీ పూర్తిగా చెప్పనిది ఆ పూట చెప్పింది. బిడ్డ ఎంత ఉందో, ఏడుపు ఎలా వినిపించీ వినిపించనట్టు ఉందో, ఎవరి చేతుల్లో పోయిందో అంతా చెప్పింది. నాకు దుఃఖం ఆగలేదు. సైదున్నీసా మనవరాలి మొహం చూసింది.

"ఎంగిలాకు తీసి పారేసినట్టు మానేయలేను మే. చిన్నప్పటి అలవాటు," అంది. "ఇంట్లో నేనేసుకుంటాంటే ఇది ఆగదు. నేనాపుదామంటే నాలిక పీకితే ఎవర్నడగాల?"

"నీ బిడ్డనడుగు. అది నిన్నడుగుతాది," అంది షరీఫా.

సైదున్నీసా నడుములోంచి తిత్తి తీసి కూతురి ఒళ్లో పెట్టింది. షరీఫా తన సోంపు తిత్తి ఆమెకిచ్చింది.

రెండో రోజు బంకు దగ్గర టీ తాగుతుండగా షరీఫా ఫోను మోగింది. ఆర్షియా గొంతు నాకూ వినబడింది.

"పొద్దున్నుంచి అమ్మ నా ఎంబడే తిరుగుతాంది ఆపా, ఇయ్యమని. ఏడుస్తాంది కూడా. పాపను ఒళ్లో పెట్టి మాటల్లో పెట్టినా. నేనూ ఏసుకోల్యా."

షరీఫా కళ్లు తుడుచుకుంది.

"నీళ్లు తాపినావా ముందు?" అంది.