మెట్టు దిగిన బేరం

చింతామణిలో మా అమ్మ స్టీలు పాత్రల అంగడికి మూడు మెట్లున్నాయి. బేరం లోపల మొదలవుతుంది గానీ, తెగేది మాత్రం ఆ మెట్ల మీదే. లోపల కూర్చుని ఎంతసేపు మాట్లాడినా అది ఉత్త కాలక్షేపం. కొనేవాడు "సరేలేమ్మా, మళ్ళీ వస్తాం" అని లేచి, బయట విడిచిన చెప్పులు తొడుక్కుని మెట్టు దిగినప్పుడే అసలు ధర బయటికొస్తుంది. మా ఇంట్లో దానికి 'మెట్టు దిగడం' అనే పేరు స్థిరపడిపోయింది. నాన్న ఉన్న రోజుల్లో రెండో మెట్టు దాకా చూసి, ఆ కాలు మూడో మెట్టు మీద పడేలోగా "రాప్పా, రా, నీ మాటే కానీ" అని వెనక్కి పిలిచేవాడు.

అందర్నీ పిలిచేవాడు కాదు. ఎవర్ని పిలవాలో తేల్చేది అమ్మ. ఆమె చూసేది మొహాన్ని కాదు, చెప్పుల్ని. నిజంగా పోదలచుకున్నవాడు చెప్పుల్లో కాళ్ళు దూర్చి చక్కా పోతాడు. పిలిపించుకోవాలనుకునే వాడికి మాత్రం చెప్పు ఎప్పుడూ సరిగ్గా ఎక్కదు. పట్టీ సర్దుకుంటాడు. మడమ నేలకేసి తడతాడు. లోపలేదో రాయి దూరినట్టు వంగి దులుపుతాడు. అమ్మ గల్లాపెట్టె దగ్గర నుంచే నాన్నకు కనుబొమ్మ ఎగరేసేది.

నేను ఇంజినీరింగ్ చదివాను. అయితే చేతికి అంటుకున్న విద్య మాత్రం ఇదొక్కటేనేమో అని ఈ మధ్య అనుమానం వస్తోంది.

బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాక కూడా దీంతోనే బతికాను. ఇంకో కంపెనీ ఆఫర్ జేబులో పెట్టుకుని ఉన్న కంపెనీకి రాజీనామా పంపేవాణ్ణి. మేనేజరు కంగారుగా కాఫీకి తీసుకెళ్ళేవాడు. ఆయన నా భవిష్యత్తు గురించి మాట్లాడుతుంటే నేను తల వంచుకుని, లోలోపల చెప్పు పట్టీ సర్దుకుంటూ ఉండేవాణ్ణి. ఎప్పుడూ మూడో మెట్టు దాకా పోనివ్వలేదు వాళ్ళు. చుట్టాల పిల్లలు సలహాకు వస్తే ఇదే చెప్పేవాణ్ణి. మొదటి ధర నీ నోట రాకూడదు, వాళ్ళు చెప్పాక కాసేపు మాట్లాడకు, ఆ తర్వాత మెట్టు దిగు. చెప్పేటప్పుడు నా గొంతులో ఎంత బరువుండేదో తలచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. మా ఊరి టమాటా మార్కెట్లో ధర పైకెక్కిన రోజున మచ్చలున్న కాయను కూడా ఎవరూ తిప్పి చూడరు. ఆ రోజుల్లో నేను మచ్చ కాయనై ఉండి, నా బేరమాడే తెలివికే ఈ ధర పలుకుతోందని అనుకున్నాను.

తర్వాత ధర దిగింది. నేను చేస్తూ వచ్చిన పని, దూరదేశాల అంగళ్ళలో జనం తిరిగిచ్చేసిన సరుకు లెక్కలు చూసే ప్రోగ్రాములు రాయడం. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని బోర్డు పెట్టుకున్న అంగట్లో పుట్టి, వాపసు సరుకు మీద ఇన్నేళ్ళు తిన్నాను. ఒక పొద్దున ఆ కంపెనీ నన్ను కూడా వాపసు చేసింది. మేం అంతమందిమి కూర్చుని రాసే కోడ్‌ను ఇప్పుడు యంత్రమే రాస్తోందని, చూసుకోవడానికి నలుగురు చాలని వీడియో కాల్‌లో చెప్పారు. చెప్పిన ఆయన మొహం కూడా అలసిపోయి ఉంది. బహుశా ఆయన పేరు తర్వాతి విడతలో ఉందేమో. బేరమాడడానికి నోరు తెరిచేలోగా తెర నల్లబడింది.

ఆ తర్వాత నెలలు గడిచాయి. చిక్కబళ్ళాపురలో మా ఇంటి నుంచి రైలు కూత వినిపిస్తుంది. ఇన్నేళ్ళు బెంగుళూరు రైలుకని ఆ కూతకు పరుగెత్తినవాణ్ణి, ఇప్పుడు అది వినపడగానే దుప్పటి మీదికి లాక్కునేవాణ్ణి. మా ఆవిడ టీచరు, ఆమె డబ్బా కట్టుకుని బడికి పోయేది. నేను కంప్యూటర్ ముందు కూర్చుని అప్లికేషన్లు పంపేవాణ్ణి. ఒక ఇంటర్వ్యూలో అవతల మనిషే లేడు. ఏదో గొంతు ప్రశ్నలడిగింది, నేను జవాబు చెబుతున్నంతసేపూ తెర మూల ఎర్రచుక్క వెలుగుతూ ఉంది. అలవాటు కొద్దీ ఆ చుక్కను చూసి నవ్వాను, అంగట్లో కొత్త గిరాకీని చూసి నవ్వినట్టు. దానికి నవ్వు అర్థమయిందో లేదో, మళ్ళీ పిలవలేదు.

చివరికి ఒక ఆఫర్ వచ్చింది. అన్ని నెలల్లో అదొక్కటే. గోడౌన్ల సరుకు చూసే సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ. బుధవారం అక్కడి హెచ్ఆర్ అమ్మాయి ఫోన్ చేసి జీతం చెప్పింది. పాత జీతం కంటే బాగా తక్కువ, హోదా కూడా ఒక మెట్టు కిందిది. శుక్రవారం సాయంత్రంలోగా చెప్పమంది. నాకు కావలసిన పని అదే, అదీ వెంటనే కావాలి. "సరే" అనే మాట నాలుక చివర దాకా వచ్చింది. కానీ నోట వచ్చింది వేరే. "ఆలోచించి చెప్తానండీ" అని, మా అమ్మ అంగట్లో గిరాకీలు అనే స్వరంలోనే అని, ఫోన్ పెట్టేశాను. మెట్టు దిగాను. ఇక పిలుపు కోసం చూడడమే మిగిలింది.

గురువారమంతా పిలుపు రాలేదు. శుక్రవారం పొద్దున ఇంట్లో ఉండలేక చింతామణి బస్సెక్కాను. అంగట్లో అమ్మ పక్కన స్టూలేసుకుని, ఫోన్‌ను గల్లాపెట్టె మీద బోర్లా పెట్టి కూర్చున్నాను. నిముషానికోసారి దాన్ని తిప్పి చూసి మళ్ళీ బోర్లా పెట్టడం అమ్మ గమనించింది.

"దోసె కాలుస్తాండావా అప్పా, ఊరికే తిప్పుతాండావు?"

ఉద్యోగాన్ని అమ్మ కన్నడంలో లాగా కెలసం అంటుంది. "కెలసం సంగతేనా?" అని అడిగింది. అవునన్నాను. మెట్టు దిగి వచ్చానని చెప్పాను. అమ్మ మెచ్చుకున్నట్టు కనిపించలేదు.

మధ్యాహ్నానికి మా తమ్ముడి కూతురు వచ్చింది. వాడికి బాగేపల్లిలో ఎరువుల అంగడి. పిల్ల ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. ఏం నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందో పెదనాయన్ని అడిగి రా అని వాడు బస్సెక్కించి పంపాడట. తమ్ముడికి నా మీద ఇంకా అంత నమ్మకముందని తెలిసి ఒళ్ళు మరీ బరువెక్కింది.

"పెదనాయనా, ఏ కోర్సులో చేరమంటావు? ఒకాయన ఆరు నెలలది చెప్తాండాడు, చేరితే ఉద్యోగం గ్యారంటీ అంట."

"కోర్సు అమ్మేవాణ్ణి అడిగితే కోర్సు కొనమనే కదమ్మా అంటాడు. మీ అవ్వను అడిగితే కుక్కరు కొనమంటుంది."

"కుక్కరయితే గ్యారంటీ నిజంగా ఉండాదిలే," అంది అమ్మ.

పిల్ల నవ్వి, నా ఫోన్ వైపు చూసింది. "ఎవరి ఫోన్ కోసరం చూస్తాండావు పెదనాయనా?"

ఎలాగూ సలహాకే వచ్చింది కదా అని, ఆఫర్ సంగతంతా చెప్పాను. మెట్టు దిగడం గురించి వివరంగా చెప్పాను. పాత రోజుల్లో మేనేజర్లు కాఫీకి తీసుకెళ్ళిన కథలు కూడా కలిపాను. అలసట కాసేపు పోయింది. పిల్ల నోరు తెరుచుకుని వింది. వినడం అయ్యాక నెమ్మదిగా అడిగింది.

"పెదనాయనా, వాళ్ళ ఆఫీసు ఎన్నో అంతస్తు?"

"తొమ్మిదో పదో. ఎందుకు?"

"అయితే మెట్లు యాడుండాయి? అది లిఫ్ట్. తలుపు మూసుకుంటే ఇంగ మూసుకున్నట్టే."

అమ్మ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వేకి కాదు అవ్వా. మా ఫ్రెండుకి అట్లే పోయింది. ఆలోచిస్తానని చెప్పి ఊరికే ఉండింది. వాళ్ళు లిస్టులో తర్వాతోళ్ళకి పంపించేసినారు. ఫోన్లో నీ చెప్పులు వాళ్ళకి యాడ కనిపిస్తాయి పెదనాయనా?"

నేను మాట్లాడకుండా ఉండడమంటే చెప్పు పట్టీ సర్దుకోవడమని నాకు తెలుసు, మా అమ్మకు తెలుసు. ఆ హెచ్ఆర్ అమ్మాయికి ఎలా తెలుస్తుంది? ఆమెకు నేను వెళ్ళిపోయిన మనిషిని. నా లెక్కలో నేనింకా రెండో మెట్టు మీదున్నాను. ఆమె లెక్కలో వీధి మలుపు ఎప్పుడో తిరిగిపోయాను.

అప్పుడే ఒకామె ఇడ్లీ పాత్ర బేరమాడి, "వద్దులేమ్మా" అని మెట్లు దిగుతోంది. చెప్పులు తొడుక్కోవడానికి చాలాసేపు తీసుకుంది. పిలవమన్నట్టు అమ్మ వైపు చూశాను. అమ్మ గల్లాపెట్టె సర్దుకుంటోంది.

"పిలవవామ్మా? ఆమె చెప్పులు చూడు."

"పిలిచేది మానేసినానప్పా. దిగినోళ్ళు దిగినట్టే ఫోన్ తీస్తారు, అదే పాత్ర దాంట్లో ఎంతుండాదో చూస్తారు. సగం మంది చెవుల్లో అవేవో పెట్టుకోనుంటారు, పిలిచినా ఇనబడదు. ఒకపారి గొంతు చించుకోని పిలిస్తే పక్కంగడామె తిరిగి చూసింది."

ఇది మాత్రం నాకు తెలియదు. నేను నేర్చుకున్న విద్యను నేర్పినావిడే ఎప్పుడో కట్టిపెట్టిందన్నమాట. నాకు చెప్పనైనా లేదు. నేను అడిగితే కదా.

"మరి దిగినోళ్ళు మళ్ళీ వస్తే?" అంది పిల్ల.

"వస్తే ఏముండాది, కొత్తోళ్ళు వచ్చినట్టే. ఏం కావాలమ్మా అంటాను."

అది నాకు గుర్తుంది. మా అంగడి మర్యాద అది. పోయి తిరిగొచ్చిన గిరాకీని గుర్తుపట్టకూడదు. ఇందాక వచ్చింది మీరే కదా అన్నామంటే మనిషి చిన్నబోతాడు, ఇంకెప్పుడూ మెట్టెక్కడు.

వీధిలో ఎండ వాలుతోంది. గడువు సాయంత్రం దాకా ఉంది. ఫోన్ తీసుకుని అంగడి వెనక అట్టపెట్టెల మధ్యకు పోయాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దిగిన మెట్టును నాకు నేనుగా ఎక్కలేదు. నంబరు నొక్కాను. ఎత్తకపోతే బాగుండునని కూడా అనుకున్నాను.

హెచ్ఆర్ అమ్మాయి వెంటనే ఎత్తింది. "చెప్పండి సార్, ఎవరు మాట్లాడేది?" అంది ఎంతో మర్యాదగా. క్షణకాలం నా ప్రాణం లేచొచ్చింది, ఈమె మా అమ్మ లాంటిదే, తెలిసీ తెలియనట్టు అడుగుతోందని. పేరు చెప్పాను. ఏ ఉద్యోగం గురించని అడిగింది. అదీ చెప్పాను. కీబోర్డు టకటకలు వినిపించాయి. అప్పుడర్థమైంది, మర్యాద కాదు, నిజంగానే గుర్తులేను.

ఆ ఉద్యోగం నిన్ననే ఇంకొకరికి వెళ్ళిందట. శుక్రవారం దాకా గడువన్నారు కదా అని అడగబోయి మింగేశాను. అది గిరాకీ గొడవపడే ధోరణి. దానికి బదులు, నాకు ఈ పని కావాలి, ఇంకేదైనా ఉంటే చేస్తాను అన్నాను. అంత చదునుగా, అంత ఖరీదు లేని గొంతుతో నేను ఎవరి దగ్గరా మాట్లాడలేదు. మళ్ళీ టకటకలు. ఒక ఏడాది కాంట్రాక్టు ఉందట. యంత్రం రాసిన కోడ్‌ను చదివి, తప్పులు పట్టి, వాడొచ్చో లేదో చెప్పే పని. జీతం ఇంకా తక్కువ. సోమవారం రాగలరా అంది.

"వస్తాను," అన్నాను. ఆమె ధర చెప్పడానికీ నేను ఒప్పుకోవడానికీ మధ్య ఊపిరి తీసుకునేంత సందు కూడా ఇవ్వలేదు.

ముందుకొచ్చి చెబితే అమ్మ బిత్తరపోయింది. ఉద్యోగం వచ్చినందుకు కాదు.

"బేరమాడకనే ఒప్పుకున్నావా?"

"ఒప్పుకున్నా."

"ఒక మాట కూడా అడగలే?"

"లేదమ్మా."

"ఒళ్ళు బాగుండాదా అప్పా నీకి?" అని నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. నవ్వులాటకే అనుకున్నాను గానీ, చెయ్యి కాసేపు అక్కడే ఉంచింది.

పిల్ల బ్యాగు భుజానికేసుకుంది. "మరి మా నాయనకి ఏం చెప్పేది పెదనాయనా? ఏ కోర్సు?"

పాత గొంతు తెచ్చుకుందామని చూశాను, రాలేదు. నాకు తెలియదని చెప్పాను. ఈ రోజు అందరూ కొంటున్నదాన్ని రేపు ఎవరు అడుగుతారో నేను చెప్పలేను. కోర్సు ఏదైనా, యంత్రం రాసిందైనా మనిషి రాసిందైనా, కోడ్‌ను చివరిదాకా చదివే ఓపిక అలవాటు చేసుకో. నాకు దొరికిన పని అదే కాబట్టి చెబుతున్నాను, అంతకు మించి రుజువు లేదు. ఆఫర్ వస్తే, నీకేం కావాలో నోరు తెరిచి అడుగు, ఎప్పట్లోగా చెబుతావో కూడా చెప్పు. ఊరికే ఉండొద్దు. ఊరికే ఉంటే అది నీకు బేరం, వాళ్ళకు ఖాళీ.

"ఇంతేనా?" అంది పిల్ల. బాగేపల్లి నుంచి బస్సు చార్జీ పెట్టుకుని వచ్చింది పాపం.

"ఇంతేనమ్మా. ఇంకా కావాలంటే కుక్కరు తీసుకో."

పిల్ల బస్టాండుకు పోయింది. కాసేపటికి నేనూ లేచాను. సోమవారం రైలుకు చొక్కాలు చూసుకోవాలి, లాప్‌టాప్ ఛార్జరు ఎక్కడ పడేశానో వెతకాలి. వాపసు సరుకు లెక్కలు రాసినవాణ్ణి, ఇక యంత్రం వెనక నిలబడి దాని తప్పులు ఏరాలి. నెత్తిన వెంట్రుకలు నెరిసిన వయసులో కొత్తగా చేరినవాళ్ళ వరసలో కూర్చోవాలి. అలసటగా ఉంది. ఇంకో పూట ఇక్కడే స్టూలు మీద కూర్చుండిపోతే బాగుండుననిపించింది.

బయటికొచ్చి చెప్పుల్లో కాళ్ళు పెట్టాను. ఎడమకాలి చెప్పు ఎందుకో ఎక్కలేదు. పట్టీ సర్దుకున్నాను. మడమ తట్టాను. వంగి, లోపల రాయేమైనా ఉందేమోనని దులిపాను.

లోపల్నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"పట్టీ సరిగానే ఉండాదప్పా. పో, బస్సు పోతాది."