కొబ్బరినీళ్లు తాగిన మిషన్

హైటెక్ సిటీ అద్దాలను బయటి నుంచి చూసి నోరెళ్లబెట్టేవాళ్లు చాలామంది. రుక్కమ్మ వాటిని లోపలి నుంచి తుడిచిన మనిషి. పుట్టింది శేరిలింగంపల్లిలో, పెళ్లయి వచ్చింది లింగంపల్లి స్టేషన్ వెనక బస్తీకి. చిన్నప్పుడు మేకలు కాసిన గుట్టలను పేల్చి మేడలు కడుతుంటే రాళ్లు మోసింది. మేడలు లేచాక వాటిలోనే గచ్చు తుడిచింది. చచ్చేలోగా ఒక్క వస్తువైనా తన చేతులతో తయారుచెయ్యాలన్నది ఆమె కోరిక. పెద్ద కోరికేం కాదు. కానీ ఈ నగరంలో తయారుచేసేవాళ్లకన్నా తయారుచేస్తున్నామని చెప్పుకునేవాళ్లకే గిరాకీ ఎక్కువ.

అలాంటివాళ్లలో దినేష్ ఒకడు. నిన్నమొన్నటిదాకా ప్లాట్లు అమ్మాడు. ఎలక్ట్రానిక్స్ అన్న మాటకు మంచి రేటు పలుకుతోందని పసిగట్టి, లింగంపల్లిలో ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని ఇన్నోవేషన్ సెంటర్ అని బోర్డు తగిలించాడు. ఇంటి తలుపుకు పెట్టుకునే కెమెరాలు అక్కడ తయారవుతాయట! నిజానికి అవి ఎక్కడో తయారై డబ్బాల్లో దిగుతాయి. ఆడవాళ్లు వరుసగా కూర్చుని పాత స్టిక్కర్ గోటితో లాగి, జిగురును థిన్నర్‌తో తుడిచి, ‘హైదరాబాద్‌లో తయారైంది’ అన్న కొత్త స్టిక్కర్ అతికిస్తారు. అదీ వాళ్ల ఆవిష్కరణ.

రుక్కమ్మ అక్కడ చేరింది షెడ్డు మధ్యలో ఉన్న పెద్ద మిషన్‌ను చూసి. సర్క్యూట్ బోర్డుల మీద చిన్న చిన్న ముక్కల్ని అమర్చే మిషన్ అది. "దాని పని నీకే నేర్పిస్తాం" అని చేరిననాడే దినేష్ మాటిచ్చాడు. ఆ ఒక్క మాట పట్టుకుని, థిన్నర్ వాసనకు తల పగిలిపోతున్నా ఆమె ఓర్చుకుంది. రోజూ పొద్దున్నే వచ్చి మిషన్‌ను కొంగుతో తుడిచేది.

దసరా వచ్చింది. మిషన్ ఉన్నాక ఆయుధపూజ చెయ్యకపోతే ఎలా? రుక్కమ్మ పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, బంతిపూల దండ వేసింది. కొబ్బరికాయ కొట్టే దగ్గరే చిక్కొచ్చింది. నేలంతా ఆకుపచ్చ రబ్బరు చాప. దాని మీద మరక పడితే సూపర్‌వైజర్ కృష్ణప్రియ ఊరుకోదు. అందుకని రుక్కమ్మ భక్తిగా దణ్ణం పెట్టి, మిషన్ ఇనుప అంచుకే కాయ కొట్టింది. నీళ్లన్నీ గాలి సందుల్లోంచి గటగటా లోపలికి పోయాయి.

ఆనాటి నుంచి ఆమెకు అన్నం సయించలేదు. నోటికాడి ముద్దను తానే నేలపాలు చేసుకున్నానని కుమిలిపోయింది. ఎవరు మిషన్ దగ్గరికి వెళ్లినా పని ఆపి అటే చూసేది. చిత్రమేమిటంటే, ఎవరూ దాన్ని ఆన్ చెయ్యలేదు. దీపావళి పోయింది, కార్తీకం పోయింది, పూలదండ ఎండి రాలిపోయింది. దేవుడే కాపాడుతున్నాడనుకుంది పిచ్చి మనిషి.

పెట్టుబడి పెట్టే పెద్దమనుషులు షెడ్డు చూడటానికి వస్తున్నారని తెలిశాక ఇక ఆగలేకపోయింది. ఏడుస్తూ కృష్ణప్రియ దగ్గరికి వెళ్లింది.

"తప్పైంది మేడం. దసరానాడు మిషన్ల కొబ్బరినీళ్లు వోయినయి. ఖరాబైంది కావచ్చు. జర నన్ను పనిలకెల్లి తీసెయ్యకుండ్రి."

కృష్ణప్రియ ముందు తెల్లబోయి, తర్వాత పకపకా నవ్వింది.

"పాడవడానికి అందులో ఏముందండీ రుక్కమ్మగారూ? జీడిమెట్లలో తుక్కు కింద కొనుక్కొచ్చారు. లోపలి సామానంతా ఎప్పుడో పీకేశారు. ఉత్త డొల్ల. బిందెడు నీళ్లు పోసినా దానికేం కాదు."

"మరి నాకు నేర్పిస్తనన్నడు గద సారు?"

కృష్ణప్రియ నవ్వు ఆగిపోయింది. "నాకూ అదే చెప్పారండీ" అంది.

రుక్కమ్మ కళ్లు తుడుచుకుంది. ఒళ్లు మండిపోయింది. ఆ డొల్లను దేవుడిలా కొలిచిన తన చేతుల మీదే ముందు మండింది.

పెద్దమనుషులు మెడలో ట్యాగులతో దిగారు. పెళ్లిపందిరికి కట్టే సీరియల్ బల్బులను మిషన్ లోపల పెట్టించాడు దినేష్. అవి మిణుకుమిణుకుమంటుంటే వచ్చినవాళ్లు ఆహా అన్నారు. రుక్కమ్మకు నీలం కోటు తొడిగి పక్కన నిలబెట్టారు. మన నగరమే రేపు దేశానికి ఎలక్ట్రానిక్స్ రాజధాని అని దినేష్ ఊదరగొడుతుంటే, వాళ్లలో ఒక పెద్దాయన ఆమె వైపు తిరిగాడు.

"ఈ మిషన్ ఏం చేస్తుందమ్మా?"

"దసరాకు పూజ చేయించుకుంటది సార్. గింతే. ఇంకేం చెయ్యదు."

దినేష్ మొహం పాలిపోయింది. పని పోతే పోయిందని తెగించే ఆ మాట అంది రుక్కమ్మ. పెద్దాయన మాత్రం మురిసిపోయాడు. "సంప్రదాయమూ సాంకేతికతా కలిసిపోవడమంటే ఇదీ!" అంటూ చప్పట్లు కొట్టాడు. మిగతావాళ్లూ కొట్టారు. అంత చదువు, అంత డబ్బు ఉండి, ఒక్కడికైనా మూత తీసి లోపల చూద్దామనిపించలేదు. బొట్టు పెట్టిన మిషన్ పక్కన ఆమెను నిలబెట్టి ఫొటోలు తీసుకుని, కాజూ బర్ఫీ తిని వెళ్లిపోయారు.

కొన్నాళ్లకు లింగంపల్లి చౌరస్తాలో పెద్ద హోర్డింగ్ లేచింది. నీలం కోటులో రుక్కమ్మ, పక్కన మిషన్, కింద ‘యంత్రం నడిపే మన మహిళ’ అన్న అక్షరాలు. ఆమెను షెడ్డుకు తీసుకెళ్తున్న మొగుడు రాజయ్య అది చూసి ఆటో ఆపేశాడు.

"అబ్బ, ఎంత మంచిగున్నవే! మిషన్ ఎప్పుడు నేర్పిచ్చిన్రు? నాకు చెప్పనే లేదు."

రుక్కమ్మ గోళ్ల సందుల్లో జిగురు గీక్కుంటూ తలెత్తి చూసింది.

"నేర్చుకున్ననని గంత పెద్దగ రాసినంక, ఇగ నాకు ఎవడు నేర్పుతడు? పోనియ్యి. డబ్బాలు దిగి ఉంటయి."