యూనుస్ డబ్బాలో నవాసాగరం

వనపర్తిలో మా వీధి చివర కళాయి యూనుస్ ఉంటాడు. రాగి గిన్నెను నిప్పుల మీద కాల్చి, నవాసాగరం పొడి చల్లి, తగరం తాకించి దూదితో గిరగిరా తిప్పాడంటే లోపలంతా వెండిలా మెరుస్తుంది. ఆ పొడి పడగానే తెల్లటి పొగ లేచి ముక్కు అదిరిపోతుంది. చిలుము వదిలి తగరం పట్టాలంటే అది ఉండాల్సిందే. ఊరందరి గిన్నెలూ మెరిపించిన ఈ మహానుభావుడు, భార్య సకీనాబీ రాగి లోటాకు మాత్రం రేపు, ఎల్లుండి అంటూ నలభై ఏళ్లు గడిపేశాడు. ఆ విషయంలో ఆయన మీద నాకూ కోపమే.

మొన్న పాన్‌గల్ నుంచి దానియేలు పెద్ద రాగి దేగు తెచ్చాడు. మర్నాడే కూతురి పెళ్లి, బిర్యానీ అందులోనే వండాలి. తీరా చూస్తే డబ్బాలో నవాసాగరం చిటికెడే ఉంది. యూనుస్ బజారుకెళ్లి ఓ కిరాణా దుకాణంలో కిలో అడిగాడు. ఆ కొత్త దుకాణదారుకు ఆ పేరు, గుడుంబా సారా కాయడానికి వాడతారనే వార్తల్లో తప్ప తెలియదు. లేదని పంపేసి ఎక్సైజ్ వాళ్లకు ఫోన్ కొట్టాడు. కల్లు దుకాణం ఉన్న వీధిలో కూడా నడవని మనిషి మీద!

గంటలో కానిస్టేబుల్ జయపాల్ వచ్చాడు. డబ్బా మూత తీసి, ఇదెందుకని అడిగాడు. వీధంతా చూస్తోంది. ఇన్నాళ్ల పరువు పోయిందనుకున్నాడు యూనుస్. అంతకన్నా సకీనాబీ ఏమనుకుంటుందోనన్న భయమే ఎక్కువ. ఆమె లోపలికెళ్లి, వంకీకి వేలాడుతున్న నిన్నటి అంగీ తెచ్చి జయపాల్ చేతిలో పెట్టింది.

"నలభై ఏండ్ల సంది గీ మనిషి అంగీలు నేనే ఉతుకుతున్న సార్. గిది కళాయి పొగ వాసన. గుడుంబాదే అయితే, ముందుగాల నేనే మీకు పట్టిస్తుంటి."

జయపాల్ అంగీని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా తుమ్మాడు. తర్వాత నవ్వాడు. ఇప్పుడు దీన్ని అమ్మోనియం క్లోరైడ్ అనాలని చెప్పి, చీటీ రాసిచ్చి, కాలేజీ ల్యాబులకు సామాన్లు అమ్మే దుకాణానికి పంపాడు. అక్కడ చీటీ చూపగానే, యూనుస్‌ను సార్ అని పిలిచి మరీ పొట్లం కట్టిచ్చారు.

సాయంత్రానికి నిప్పులు రాజుకున్నాయి. పెళ్లి తొందరలో ఉన్న దానియేలు దేగును ముందుకు దొర్లించాడు.

"జర ఆగు దానియేలూ," అన్నాడు యూనుస్. "ముందుగాల మా ఇంటి లోటా."