నా జాగాలో చదువుకున్నవాడు

మా సాలోళ్ల దేవుడు మార్కండేయుడి మీద ఒట్టు, నాకు కూడు పెట్టిన మగ్గాల మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. ఇంత గట్టి ఒట్టు ఎందుకంటే, సూరత్ దగ్గర డుమస్ సముద్రపు ఒడ్డున దయ్యంతో కలిసి టమాటా భజియా తిన్నాననీ, డబ్బులు అదే ఇచ్చిందనీ చెప్పుకు తిరిగినవాణ్ణి నేనే. ఇది ఆ బాపతు కాదు.

నిన్న మధ్యాహ్నం సూరత్ పక్కనున్న కడోదరాలో మేం పనిచేసే కార్ఖానాకు కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. అలా ఆగినప్పుడు చెవుల్లో ఎవరో దూది కుక్కినట్టుంటుంది. నేల మాత్రం కాళ్ల కింద ఇంకా వణుకుతూనే ఉంటుంది. ఆ దూది లోపల్నుంచి, నా మెడ వెనక, మెల్లగా ఒక గొంతు పలికింది. "రాజేశం, చెప్పు." తిరిగి చూశాను. గోడ తప్ప ఏమీ లేదు. అందరూ చాయ్‌కి వెళ్లిపోయారు. ఆ గొంతు మా వీరస్వామి సారుది. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

సారు సూరత్‌లో మగ్గాల పనికి వలస వచ్చిన మావాళ్ల తెలుగు బడిలో లెక్కలు చెప్పేవారు. బడి గోడకు అవతలే మగ్గాల షెడ్డు. మా ఇళ్లలో ఎవరూ మామూలు గొంతుతో మాట్లాడరు. ఉప్పు అందించమన్నా కేకే. ఆ చప్పుడులో పెదవుల కదలిక చూసి మాట పట్టుకోవడం మాకు నడకతో పాటే వచ్చేస్తుంది. అలాంటి పిల్లల ముందు సారు ఏనాడూ గొంతు పెంచలేదు, బెత్తం పట్టలేదు. అరిచి చెప్పిన జవాబు సరైనదైనా చెల్లదు, మళ్లీ మెల్లగా చెప్పాలి. రోజూ ప్రతి ఒక్కరూ ఏదో ఒక ప్రశ్నకు జవాబు చెప్పి తీరాలి. ప్రతి ఒక్కరూ అంటే, ఆ రోజు బడికి రానివాళ్లు కూడా.

అది మొదటిసారి చూసిన రోజు నాకింకా గుర్తే. భాగ్య అనే అమ్మాయిని వాళ్లమ్మ ఊరికి తీసుకుపోయింది. సారు ఆమె కూర్చునే చోటు వైపు తిరిగి, "భాగ్యా, ఏడెనిమిదులు?" అన్నారు. ఆగారు. తల కొంచెం పక్కకు వంచి విన్నారు. "మంచిది, కూసో" అన్నారు.

నా నోరు ఊరుకుంటుందా! "సార్, ఆడ ఎవ్వరు లేరు!"

"అరవకు."

"ఎవ్వరు లేరు సార్" అన్నాను మెల్లగా.

"నీకు ఇనవడలేదా? మెల్లగ జెప్పింది."

ఆ తర్వాత ఆ చోటులో సంచి పెట్టడానికి కూడా ఎవరికీ ధైర్యం చాలలేదు.

ఆ చలికాలం మా బాపు దగ్గు ముదిరి మంచం పట్టాడు. అమ్మ నన్ను బడి పక్క షెడ్డులోనే కండెలు, అంటే మగ్గానికి అందించే నూలు చుట్టలు, చుట్టే పనిలో పెట్టింది. "బాపు లేచేదాక జర ఓపిక వట్టు బిడ్డా, మళ్ల బడికి పోదువు" అంది. నాకూ పోవాలనే ఉంది. కానీ షెడ్డులోకి వచ్చిన పిల్లలెవరూ తిరిగి బడికి పోవడం నేను చూడలేదు.

కొన్నాళ్లకు, బడిలో నా పక్కన కూర్చునే లక్ష్మణ్ షెడ్డుకు వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"అరే రాజేశం, నిన్న నువ్వు బడికొచ్చినవా?"

"పాగల్‌గా, నేనెక్కడొచ్చిన? చేతిల కండె గనవడ్తలేదా?"

"మరి సారు నిన్ను లేపి, మూడో వంతుల సగమెంత అనడిగిండు. ఆరో వంతని జెప్పినవట. శాబాష్ అన్నడు."

"నాకు భిన్నాలే రావు గదరా!"

"గందుకే అడుగుతున్న" అన్నాడు వాడు, నా పాదాలు సరిగా ఉన్నాయో లేదో చూస్తూ.

మొదట నాకు ఒళ్లు మండింది, నాకు రాని లెక్క బడిలో ఉన్న ఆ రాజేశానికెలా వచ్చిందని. తర్వాత బుగులు, అంటే భయం, పట్టుకుంది. నేనిక్కడ కండెలు చుడుతుంటే వాడక్కడ పాఠాలు దాటుకుంటూ పోతున్నాడు. రేపెప్పుడో నేను వెళితే, అక్కడ రాజేశం అనేవాడు ఉండనే ఉంటాడు. ఇక నాకు జాగా ఎక్కడిది?

మర్నాడు తిండి వేళకు బడి కిటికీ దగ్గరికి వెళ్లాను. వెనక మగ్గాల హోరు. లోపలి మాట ఒక్కటీ వినబడదు. సారు పెదవులు మాత్రం నా పేరు పలికాయి. లక్ష్మణ్ బెంచీ మీద కొంచెం జరిగాడు, లేచి నిలబడుతున్నవాడికి చోటిచ్చినట్టు. సారు చూపు ఆ ఖాళీలో నా ఎత్తు దగ్గరే ఆగింది. విన్నారు. తలూపారు. అప్పుడు కిటికీ వైపు తిరిగారు. నన్ను చూసి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. పెదవులు కదిలాయి. "లోపలికి రా."

వెళ్లాను. నా జాగాలో కూర్చుంటే చెక్క వెచ్చగా తగిలింది, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు. సారు వంగి నా చెవిలో అన్నారు. "ఎందుకు బుగులు? వాడు నీకంటె జర ముందున్నడు, గంతే. అందుకో." ఆ రోజు నుంచి మళ్లీ బడికి వెళ్లాను.

ఇక ఒట్టు సంగతి. మార్కండేయుడు క్షమించాలి, ఈ చివరి ముక్క కల్పించాను. నేను లోపలికి వెళ్లలేదు. వెనక నుంచి మేస్త్రీ కేకేశాడు. తిరిగి షెడ్డులోకి పోయాను. బాపు లేవలేదు. బడి గడప నేను మళ్లీ తొక్కలేదు. చెక్క వెచ్చగా ఉందో చల్లగా ఉందో నాకు తెలియదు. మిగతాదంతా నిజం. "అందుకో" అన్న మాట కూడా సారుదే, లక్ష్మణ్‌తో చెప్పి పంపారు. వాడు రోజూ సాయంత్రం వచ్చి, "ఇయ్యాల నువ్వు గిది జెప్పినవ్" అని ఆ జవాబు అప్పజెప్పేవాడు. నాకొచ్చిన చదువంతా, ఈ రాత కూడా, నా జాగాలో ఉన్నవాడి దగ్గర అలా తెచ్చుకున్నదే. ఏడాది చివర, ఆ రాజేశం పాసయ్యాడని సారు అన్నారట.

నిన్న, కరెంటు ఇంకా రాకముందు, గొంతు మళ్లీ అడిగింది. "మూడో వంతుల సగం?"

షెడ్డంతా ఖాళీ. అయినా అరవలేదు. లేచి నిలబడి, మెల్లగా చెప్పాను.

"ఆరో వంతు, సార్."