కావ్య రాయని మాట

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. మనుషుల మాట మీదే లేనిది, దయ్యాల మీద ఎక్కడి నుంచి వస్తుంది? పావగడ దగ్గర మా క్యాతగానచెర్లులో నన్నెరిగిన వాళ్లెవరైనా ఇది ఒప్పుకుంటారు. వీధి కొళాయి దగ్గర్నుంచి సోలార్ పలకలు మోసే లారీలు లేపే దుమ్ము దాకా నేను అర్జీ పెట్టని విషయం లేదు. అర్జీ పెట్టే మనిషి కంటితో చూసిందే చెప్పాలి. గాలి కబుర్లు చెబితే ఆఫీసులో కుర్చీ కూడా వేయరు.

ఇది నేనొక్కదాన్నే చూసి ఉంటే రాసేదాన్ని కాదు. ఇంకో మనిషి కూడా చూసింది. అందుకే రాస్తున్నాను.

ముందు నాకు జరిగిన అన్యాయం చెప్పాలి. మా అమ్మ చివరి రోజుల్లో తుమకూరులో మా అన్న ఇంట్లో ఉండేది. ఆమెను ఆస్పత్రిలో చేర్చిన సంగతి అన్న నాకు చెప్పలేదు. వాళ్ల అత్తగారి వైపు వాళ్లందరికీ ఫోన్లు వెళ్లాయి. నాకు మాత్రం పావగడ బస్టాండులో ఎదురుపడిన దూరపు చుట్టం చెప్పింది. అది కూడా చెప్పడం కాదు, "మీ యమ్మను చూసొచ్చినావా?" అని అడిగింది.

కట్టుబట్టలతో బస్సెక్కాను. తెల్లవారేసరికి ఆస్పత్రి దగ్గర ఉన్నాను. మెట్ల దగ్గర కాపలా మనిషి పాసు లేదని ఆపాడు. పేషెంటు దగ్గర ఒక్కరే ఉండాలట, అన్న ఉన్నాడట. అన్న ఫోన్ ఆఫ్ చేసి ఉంది. బతిమాలాను, అరిచాను, మళ్లీ బతిమాలాను. చివరికి నన్ను పైకి పంపేసరికి అమ్మ ముఖం మీద గుడ్డ కప్పి ఉంది. ఆ కాపలా మనిషి ముఖం నాకు ఇప్పటికీ గుర్తు. సంతలో కనిపించినా పట్టుకుంటాను.

ఆ తర్వాత అన్నను ఒక్కటే అడిగాను, అమ్మ నన్ను అడిగిందా అని. "ఎవుర్నీ అడగలేదు పాపా. తెలివే లేదు" అన్నాడు. చెప్పేటప్పుడు నా ముఖం చూడలేదు. అబద్ధం చెప్పే మనిషి చూపు నాకు తెలుసు. కానీ ఏది అబద్ధం? అమ్మ అడిగితే దాస్తున్నాడా? లేక నిజంగానే నన్ను తలవకుండానే పోయిందా? కన్నతల్లి ఆఖరి ఘడియలో నన్ను తలవలేదంటే, ఈ భూమ్మీద నేను ఎవరికీ లెక్కలో లేనట్టే. ఆ ప్రశ్న పెట్టుకుని నేను అన్న గడప తొక్కడం మానేశాను. వాళ్లు కొత్త ఇంట్లో చేరినప్పుడు నాకు వాట్సాప్‌లో కార్డు పంపారు. దాన్ని పిలుపు అంటారా?

ఆ ఇంట్లో నాతో మాట్లాడేది అన్న కూతురు కావ్య ఒక్కతే. బెంగళూరులో కంప్యూటర్ ఆటలు తయారుచేసే కంపెనీలో పని. ఈ ఎండాకాలం సెలవు పెట్టి ల్యాప్‌టాప్‌తో మా ఇంటికి వచ్చింది. ఇద్దరు స్నేహితులతో కలిసి సొంతంగా ఒక ఆట చేస్తోందట. ఆస్పత్రి మంచం మీద ఒక అజ్జి, అంటే అవ్వ, ఉంటుంది. ఆడేవాళ్లు ఆ మంచం పక్కన కూర్చోవాలి. ఆమె కళ్లు మూసుకున్నప్పుడల్లా ఆమె జ్ఞాపకాల్లోకి వెళ్లి తిరిగి రావచ్చు. గెలవడం, ఓడడం ఏమీ లేదు. చివరికి అజ్జి చనిపోతుంది. పదిమందికీ ఇచ్చేముందు నేను ఒకసారి ఆడి చూడాలని కావ్య అడిగింది.

నాకు ఒళ్లు మండింది. "మా యమ్మ సావు మీకు ఆటయిందా?"

"ఆ ఆట కాదత్తా. సినిమా మాదిరి అనుకో."

"సినిమాకైనా లోపలికి ఇడుస్తారు. మీ నాయన నన్ను ఆస్పత్రిలోకే ఇడవలేదు."

"అదో, మళ్లా మొదలుపెట్టినావు. ఇష్టం లేకపోతే ఆడొద్దు. ఆడినాక మాత్రం నన్ను తిట్టొద్దు."

"తిట్టకుండా ఎట్లుంటానే? నోరుండేది దేనికి మల్లా?"

ఆటలో నేనున్నానా అని అడిగాను. కావ్య నీళ్లు నమిలింది. మొదట్లో ఉండేదాన్నట. "మీ అత్తను పెట్టినావంటే కోర్టుకు పోతాది" అని అన్న నవ్వాడట. దాంతో నన్ను తీసేసింది. అంటే బొమ్మల ఆస్పత్రిలోకి కూడా నాకు పాసు దొరకలేదు.

ఆడను అని చెప్పాను. కానీ ల్యాప్‌టాప్ నడింట్లో బల్ల మీదే ఉండేది. చపాతీ పిండి కలుపుతూ దాన్నే చూసేదాన్ని, బట్టలు మడతపెడుతూ దాన్నే చూసేదాన్ని. అమ్మ పోయినప్పుడు కావ్య బెంగళూరులో కాలేజీలో ఉంది. ఆస్పత్రి సంగతులన్నీ తండ్రి చెప్పగా విని రాసింది. అన్న నా దగ్గర దాచింది కూతురి దగ్గర చెప్పి ఉంటే, అది ఆ ఆటలో ఉంటుంది. అందులో కూడా అజ్జి ఎవరినీ అడగకుండా పోతే, ఇక నాకు మిగిలేది ఏమీ లేదు. ఆడకపోతే, అడిగిందేమో అన్న ఆశ అయినా ఉంటుంది.

ఒకసారి దగ్గరికి వెళ్లి కూర్చుని మళ్లీ లేచాను. ఇంకోసారి మూత తెరిచి మూశాను. కావ్య చూసి చూడనట్టు ఊరుకుంది. అదే నాకు ఇంకా కోపం తెప్పించింది.

ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఊరి చుట్టూ కనుచూపు మేర సోలార్ పలకలు, ఇళ్లలో మాత్రం ఫ్యాను తిరగదు. దాని మీద కూడా నా అర్జీ ఉంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది. కావ్య బయట పంచలో కూర్చుని ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతోంది. నేను బల్ల ముందు కూర్చున్నాను.

తెర మీద మొదట ఒక హెచ్చరిక వచ్చింది. ఈ ఆట మనసును కలత పెట్టవచ్చని, దగ్గరి వారిని పోగొట్టుకున్నవారు లోపలికి రాకపోవడం మంచిదని. కింద 'ఆడతాను', 'వద్దు' అని రెండు గుర్తులు. లోపలికి రాకపోవడం మంచిది! మళ్లీ ఎవరో నన్ను మెట్ల దగ్గర నిలబెడుతున్నారు. అప్పటిదాకా ఊగిసలాడినదాన్ని, ఆ మాట చదివాక ఆగలేదు. నొక్కాను.

మంచం, గ్లాసు, కిటికీ, పైన తిరిగే ఫ్యాను. ఫ్యాను చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదు. అజ్జి మాటలు గొంతుతో రావు, కింద ఒక డబ్బాలో అక్షరాలుగా వస్తాయి. "నాకు నీళ్లు కావాలి." "ఎండ ఎక్కువగా ఉందా?" కావ్య తుమకూరులో కన్నడ బడిలో చదివింది, తెలుగు పెద్దయ్యాక నేర్చుకుంది. అందుకని అజ్జి మాటలన్నీ టీవీ వార్తల్లాగా ఉన్నాయి. మా అమ్మ జన్మలో 'కావాలి' అనలేదు, 'కావల్ల' అనేది. ఇది చెప్పి పిల్లను దులిపెయ్యాలని మనసులో పెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ తప్పులు పట్టుకుంటూ ఉంటే నాకు ధైర్యంగా ఉండింది.

అజ్జి కళ్లు మూసుకుంది. తెర మీద శెనక్కాయ చేను వచ్చింది. చేను మాదే. వాలు అదే, మూలన గుట్టగా పోసిన రాళ్లు అవే. ఇప్పుడు అక్కడ కంచె, కంచె లోపల పలకలు. నేను నడిచాను. చెట్టు పట్టుకుని లాగితే వేళ్లు తెగే చప్పుడు వచ్చింది. మళ్లీ ఆస్పత్రి గది. అజ్జి శ్వాస మెల్లబడింది. అయిపోతోందని నాకు తెలుస్తోంది. ఇంకా ఎవరినీ అడగలేదు.

అప్పుడు డబ్బాలో ఒక మాట వచ్చింది.

"అత్త వచ్చిండాదా?"

రెండుసార్లు చదివాను. ఆ అక్షరాలు పోకుండానే, వాటి కింద ఇంకో మాట వచ్చింది.

"లోపలికి పిలవండప్పా."

ఆ రెండు మాటలూ అలాగే నిలిచిపోయాయి. ఏది నొక్కినా కదల్లేదు.

ఈ మాట సంగతి ఇప్పుడు చెప్పాలి. నాకు మా నాయన తల్లి పేరు పెట్టారు, హనుమక్క అని. మా వైపు కోడలు అత్త పేరు నోటితో పలకదు. అందుకని అమ్మ నన్ను నలుగురిలో 'పాపా' అనేది. చేలో మేమిద్దరమే ఉన్నప్పుడు మాత్రం 'అత్తా' అని పిలిచేది. ఇంట్లో అత్తను అనలేని మాటలన్నీ అక్కడ నన్ను అనేది. "ఏమత్తా, ఈపొద్దన్నా నాకు కడుపు నిండా సంగటి పెడ్తావా, పెట్టవా?" అని నడుము మీద చెయ్యి పెట్టుకుని అడిగేది. నేను ముసలమ్మలాగా మూతి తిప్పేదాన్ని. ఇద్దరం పడీపడీ నవ్వేవాళ్లం. ఇంట్లో తెలిస్తే మా అమ్మ వీపు పగిలేది, అందుకని నేను ఎవరికీ చెప్పలేదు. అన్న హాస్టల్లో పెరిగాడు, వాడికీ తెలియదు. ముసలావిడ పోయాక కూడా, పక్కన ఎవరూ లేకుంటే అమ్మకు నేను అత్తనే.

"కావ్యా, ఈడికి రా" అన్నాను.

నవ్వుకుంటూ వచ్చిన పిల్ల తెర చూసి ఆగిపోయింది. "ఇదేంది?" అంది. వంగి మళ్లీ చదివింది. "ఇది నేను రాయలేదత్తా."

"నీ స్నేహితులు రాసినారేమో."

"ఒకడు కన్నడం, ఇంకో పాప మలయాళం. తెలుగు చదివే దానికి కూడా రాదు వాళ్లకు. 'వచ్చిండాది' అని నాకే రాయను రాదు కదత్తా."

అదీ నిజమే. ఆ ఆట మొత్తంలో మా ఊరి మాట అదొక్కటే.

కావ్య ఏం మీటలు నొక్కిందో, ఆట మూసుకుపోయింది. నేను చెప్పక ముందే తండ్రికి ఫోన్ కలిపి, నాకు వినబడేలా బల్ల మీద పెట్టింది. "నాయనా, ఆస్పత్రిలో అజ్జి అత్తను ఏమన్నా అడిగినాదా?"

అన్న అన్నాడు: "ఏ అత్త?"

"మా యమ్మ అడిగింది వాళ్లత్తను. మా జేజిని" అన్నాడు. "నీకెవురు చెప్పినారు? నేను ఎవురికీ చెప్పలేదే."

వాడే చెప్పుకుపోయాడు. "తెల్లారినప్పటి నుంచి అదే మాట. అత్త వచ్చిండాదా, లోపలికి పిలవండప్పా అని. సచ్చిపోయిన జేజి తీసకపోను వచ్చిండాదని భయపడితి. రాలేదులేమ్మా, ఎవురూ రాలేదు, పండుకో అంటి. అట్లాంటివి బయటికి చెప్తే ఇంట్లో ఇంకొకర్ని తీసకపోతారంటారు. అందుకే నోరెత్తలేదు."

నేను ఫోన్ దగ్గరికి వంగాను. ఎన్నాళ్ల తర్వాతనో అన్నతో మాట్లాడాను. "ఆ అత్త నేనేన్నా" అన్నాను. చేలో పిలుపు సంగతి చెప్పాను. "అప్పుడు నేను కింద మెట్ల కాడ నిలబడిండాను" అని కూడా చెప్పాను.

అటునుంచి వచ్చింది దగ్గో, ఏడుపో తెలియలేదు. "నాకెవురూ చెప్పలేదే పాపా" అన్నాడు.

"నువ్వు అడిగినావా?" అన్నాను.

తర్వాత కావ్య ఆటలోని మాటలన్నిటినీ వెతికింది. నన్ను తీసేసినప్పుడే 'అత్త' అనే మాట కూడా పోయింది, ఎక్కడా లేదు. స్నేహితులను అడిగింది, వాళ్లకు ఏమీ తెలియదు. మళ్లీ మళ్లీ ఆడింది, ఆ డబ్బా మళ్లీ రాలేదు. నా మనసు సృష్టించుకుందని అనడానికి వీల్లేదు, కావ్య కూడా చదివింది. అన్న నిద్రలో పలవరించి ఉంటే కూతురు వినిందేమో అని కూడా ఆలోచించాను. విన్నా రాయాలి కదా. రాయలేదని పిల్ల తన తల మీద చెయ్యి పెట్టుకుని చెప్పింది. నేను ఎవరి మాటా తేలిగ్గా నమ్మేదాన్ని కాను, ఆ మాట నమ్మాను.

వెళ్లేరోజు కావ్య అడిగింది, ఆ మాటను ఆటలో పెట్టనా అని. వద్దన్నాను. "నువ్వు రాస్తే నీ మాటవుతాది" అన్నాను. ఇప్పుడది ఎవరి మాటో నాకు తెలియదు. ఆ తెర మీదికి ఎలా వచ్చిందో, ఎవరు రప్పించారో ఎంత ఆలోచించినా తేలడం లేదు.

అన్న ఇప్పుడు తరచూ ఫోన్ చేస్తాడు. నేను ఎత్తుతాను. క్షమించానని కాదు. తెర మీది అక్షరాలకు గొంతు ఉండదు, ఆ గొంతు విన్నది వాడొక్కడే. అమ్మ ఆ మాట ఎలా అడిగిందో చెప్పమంటాను. ప్రతిసారీ వాడు ఒకేలా చెబుతాడు: "నవ్వుతా అడిగె పాపా. అందుకే నాకు అంత భయమాయె."