గోగు రాజూ, మూడు ఆదివారాలూ

ఆ రోజుల్లో లోకం అంతం కావడానికి ఇప్పుడున్నంత ఆలస్యం ఉండేది కాదు. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పని చేసే నాకు, ఇరవై అయిదేళ్ళ వయసులో, అది ఏ సంవత్సరమో కూడా తెలుసు. ఎవరూ నేర్పలేదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక విరిగిన పలక ముక్కల మీద నేనే లెక్క కట్టాను. యెరూషలేము యూదుల చేతికి తిరిగి వచ్చిన ఏటికి ఒక తరం, అంటే నలభై ఏళ్ళు కలిపి, అందులోంచి చివర్లో వచ్చే ఏడేళ్ళ శ్రమకాలం తీసేస్తే సరిగ్గా రెండు వేల సంవత్సరం. (కూడికలో తప్పు ఇప్పటికీ లేదు.) బైబిల్లో ఉత్తరం నుంచి దండెత్తి వచ్చే గోగు రాజు రష్యావాడు. అంత్యదినాల్లో లేచే మృగానికి ఉన్న పది కొమ్ములు ఐరోపాలో ఒకటైన దేశాలు. అవి అప్పటికే పదిహేనయ్యాయి గానీ, అయిదు రాలిపోతాయని నాకు గట్టి నమ్మకం.

ఆ ఏడు రానే వచ్చింది. వేసవిలో మా ఊరి ఉపవాస కూటాల్లో పెద్దలు వాక్యం చెప్పడానికి నాకు ఒక సాయంత్రం ఇచ్చారు. అప్పటికే త్రిపురాంతకం దగ్గరి పల్లెలో ఒక సంఘ పెద్ద కూతురితో నా పెళ్ళి ఖాయమైంది. మా సంఘాల్లో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పుకోవడానికి. మొదటి ఆదివారం ఎవరూ నోరెత్తలేదు. అభ్యంతరం పెళ్ళికొడుకు నోట్లోంచే వస్తుందని ఎవరనుకుంటారు? కాబోయే మామ కుటుంబంతో సహా నా వాక్యం వినడానికి వచ్చాడు. లారీలకు బొమ్మలు వేసే పెయింటరు చేత తెల్లగుడ్డ మీద వేయించిన పటం పందిట్లో కట్టి (మృగం అచ్చం దున్నపోతులా వచ్చింది, చోటు చాలక రెండు కొమ్ములు చెవుల మీద మొలిపించాడు) గంటసేపు చెప్పాను. ఆడవాళ్ళ వైపు నుంచి ఆ పిల్ల నన్నే చూస్తూ ఉంది. ఆమె చూసేకొద్దీ నా రుజువులు బలపడ్డాయి. చివరికి "రాబోయే కంది కోత మనం చూసేది లేదు" అనేశాను.

కూటం అయ్యాక మామ నన్ను పక్కకు పిలిచాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఏంది నాయనా, ఇదంతా నిజమేనా?"

"వాక్యం అబద్ధం చెప్తాదా మామా?"

"చెప్పదు. మరి ఆ దినాల్లో కడుపుతో ఉండే ఆడోళ్ళకు అయ్యో అని గూడా అందులోనే ఉంది గదా. ఇప్పుడు పెళ్ళి చేస్తే నా బిడ్డ సరిగ్గా ఆ అయ్యోలో పడతాది." నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మంచి టయానికి చెప్పినావు. పెళ్ళి వద్దులే."

పటం చుట్టి చంకలో పెట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నా లెక్కను మనస్ఫూర్తిగా నమ్మిన మొట్టమొదటి మనిషి ఆయనే.

మా నాయన మాత్రం తిట్టిపోశాడు. "ఒరే, ఆ గోగుగాన్ని కొన్నేండ్లు ఆగి రమ్మనరా! నువ్వు కట్టిన లెక్కే గదా, వాడేమన్నా టికెట్టు కొనుక్కున్నాడా?"

రెండో ఆదివారం ప్రకటన చదవలేదు. ఆ వారమంతా పలక ముక్కలతో కుస్తీ పట్టి, తరమంటే నలభై కాదు, డెబ్బై ఏళ్ళని తేల్చి, త్రిపురాంతకం బస్సెక్కాను. వాళ్ళింట్లో మంచినీళ్ళ చెంబు అందిస్తూ ఆ పిల్ల, తలెత్తకుండానే, "గట్టిగా చెప్పండి, తడబడబాకండి" అంది మెల్లగా. ఆ మాట విన్నాక తడబడక ఏం చేస్తాను?

"ఇంకా ముప్పై ఏళ్ళుంది మామా. అంటే, లెక్కలో ఒక చిన్న..."

మామ లేచి నిలబడ్డాడు. "మొన్న కంది కోత దాకా గూడా లేదంటివి. ఈ పొద్దు ముప్పై ఏండ్లంటివి. పిల్ల కోసం ప్రభువు రాకడనే వాయిదా ఏసినోడివి, రేపు నా పిల్లకిచ్చిన మాట ఏం నిలబెడతావు? పో నాయనా."

కంది కోత వచ్చింది. కోశాం. ఆ తర్వాత ఆ పిల్లను గిద్దలూరులో కరెంటు లైన్‌మన్‌కి ఇచ్చారు. గోగు సంగతి రాసిన యెహెజ్కేలు ప్రవక్త బైబిల్లో ముందుంటాడో వెనకుంటాడో కూడా ఆయనకు తెలియదట. నా పేరు మళ్ళీ ఏ చర్చిలోనూ ప్రకటనలో చదివే అవసరం రాలేదు. లోకం మాత్రం అట్లాగే ఉంది. ఎక్కడ యుద్ధం మొదలైనా నా ఫోన్ మోగుతుంది: "అన్నా, గోగు వీడేనా?" కొమ్ములు ఇరవై ఎనిమిది దాకా పెరిగి, ఆ మధ్య ఒకటి రాలింది. నా ఆశ చూడండి, మిగిలిన పదిహేడు కోసం కాచుకుని ఉన్నాను.

పోయిన ఏడు మార్కాపురం కూటాల్లో ఆమె ఎదురైంది. జుట్టు నెరిసింది.

"ఏందన్నా, బాగుండావా?" అంది. (సంఘంలో మగవాళ్ళంతా అన్నలే, తెలుసు. అయినా ఆ మాట ఆమె నోట వింటానని నా ఏ లెక్కలోనూ తేలలేదు.) "మా చిన్నదాని పెళ్ళి అనుకుంటా ఉండాము. టీవీ పెడితే అన్నీ యుద్ధాలే. నువ్వే చెప్పు, ఫంక్షన్ హాలుకు అడ్వాన్సు ఇయ్యమంటావా?"

ఆ వారమే తేల్చిన కొత్త లెక్క నా సంచిలో ఉంది. దాని ప్రకారం హాలు అవసరమే లేదు.

"ఇచ్చెయ్ తల్లీ" అన్నాను, ఈసారి తడబడకుండా.

పెళ్ళికి పోయి మొదటి బంతిలోనే కూర్చున్నాను. ఇన్నేళ్ళలో నేను చెప్పినట్టు జరిగింది అదొక్కటే కదా, చూడకుండా ఎట్లా ఉంటాను?