ఎవరో తరిమిన వయొలిన్

నా తెలివితక్కువతనం ముందే ఒప్పుకుంటాను. స్కూలు రోజుల నుంచి నేను ఆరాధించే వయొలినిస్టు, తన సంగీత బృందాన్ని వదిలిన ఎనిమిదేళ్లకు, సొంత ఆల్బమ్ తెచ్చాడు. దేశ రాజధానిలో కోచింగ్ కోసం ఉంటున్న జియా సరాయ్‌లో బస్సెక్కి విన్నాను, ఉసూరుమనిపించింది. అంత నిదానంగా వాయించే మనిషికి ఇంత తొందరేమిటి? అభిమానుల గ్రూపుకి తెలుగులో వీడ్కోలు టైపు చేస్తుంటే, పక్క సీటు ఆంటీ తొంగిచూసింది.

“మన తెలుగువాడివే! ఏదీ, విననీ,” అని ఒక ఇయర్‌ఫోన్ లాక్కుంది. “ఈయన్నెవరైనా తరుముతున్నారా బాబూ? అచ్ఛా! ఒకటిన్నర స్పీడులో పెట్టావు!”

కోచింగ్ పాఠాల కోసం పెట్టుకున్న స్పీడు అది. సరిచేశాక వయొలిన్ తీరిగ్గా ఊపిరి పీల్చుకుంది, నేనూ పీల్చుకున్నాను. ఆంటీ మాత్రం తను దిగే ధౌలా కువాన్ స్టాపు దాకా నన్ను చూసి నవ్వుతూనే ఉంది.

ఆవిడ దిగేముందు, ఆవిడ ఫోన్‌లో ఆ ఆల్బమ్ పెట్టి ఇచ్చాను. ఇక తర్వాతి ఆల్బమ్ కోసం మా గ్రూపుతోపాటు ఆవిడా ఏళ్ల తరబడి ఎదురుచూడాలి.